పాదిరి బంగళా: తెలుగునాట గ్రామీణ చర్చి నివాసాల వారసత్వం

చర్చి బాధ్యత వహించే గురువు కాపురం ఉండడానికి, చుట్టుపక్కల సంఘాల పని నడపడానికి క్రైస్తవ సంస్థలు కట్టించిన ఇంటిని తెలుగువాళ్లు పాదిరి బంగళా, మిషన్ బంగళా, దొర బంగళా అని పిలిచారు. ఇంగ్లండు పల్లెల్లో రెక్టరీ అనే ఇంటికి ఇక్కడ సమానమైనది ఇదే. 19వ శతాబ్ది తొలి సగం నుంచి 20వ శతాబ్ది మధ్య వరకు కోస్తా, రాయలసీమ, తెలంగాణ జిల్లాల్లో ఇవి వెలిశాయి. వీటిలో చాలావాటిలో ఇప్పుడు ఆ కాపురాలు లేవు. కొన్ని బిషప్పుల నివాసాలుగా, కార్యాలయాలుగా, వసతిగృహాలుగా మారాయి. కొన్ని పాడుబడ్డాయి. ఈ వ్యాసం ఆ ఇళ్ల పుట్టుకను, కట్టడపు తీరును, వాటిలో జరిగిన పనిని, ఇప్పటి స్థితిని వివరిస్తుంది.

నిర్వచనం, పరిధి

గురువు నివాసం అనే మాటలోకి మూడు రకాల ఇళ్లు వస్తాయి. మొదటిది విదేశీ మిషనరీ ఉండే బంగళా. రెండోది కంటోన్మెంట్లలో సైన్యానికీ ఆంగ్లేయ ఉద్యోగులకూ ఆరాధన జరిపే చాప్లిన్ ఇల్లు. 1813లో వెలసిన సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ చర్చి వంటివి ఈ కోవకు చెందుతాయి. ఈ చాప్లిన్లు ప్రభుత్వం నుంచి జీతం పొందేవారు, పల్లె ప్రజలతో వారికి సంబంధం తక్కువ. మూడోది పల్లెలో స్థానిక ఉపదేశి లేదా పాస్టరు ఉండే ఇల్లు. ఇక్కడ ప్రధానంగా చెప్పేది మొదటిదాని గురించే. అయితే మూడోదాన్ని పక్కన పెడితే మొదటిది అర్థం కాదు కనుక దానికి ప్రత్యేక విభాగం ఉంది (చూ. ఉపదేశి ఇల్లు). కాథలిక్ విచారణ గురువుల నివాసాలు వేరే సంప్రదాయం. అక్కడ కుటుంబం ఉండదు, ఇద్దరు ముగ్గురు గురువులు కలిసి ఉంటారు. గుంటూరు జిల్లా ఫిరంగిపురం వంటి చోట్ల ఆలయం, గురువుల ఇల్లు, కన్యాస్త్రీల మఠం, బడి ఒకే ప్రాంగణంలో పెరిగాయి.

ఇంగ్లండు మూలం

ఇంగ్లండులో పల్లె చర్చి గురువుకు ఊరి పంటలో పదో వంతు దశమభాగంగా ముట్టేది. దానితోపాటు చర్చి పేరిట సాగుభూమి ఉండేది. దశమభాగం మొత్తం దక్కే గురువును రెక్టరు అనీ, కొంతే దక్కేవాణ్ని వికారు అనీ అనేవారు. ఆయన ఇంటికీ ఆ పేరే వచ్చింది. జమీందారు భవంతి తర్వాత ఊళ్లో పెద్ద ఇల్లు సాధారణంగా అదే. నవలాకారిణి జేన్ ఆస్టెన్ 1775లో పుట్టింది స్టీవెన్‌టన్ రెక్టరీలో. బ్రాంటీ సోదరీమణులు పెరిగిన హావర్త్ పార్సనేజీ 1928 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చర్చి ఆదాయం తగ్గి ఇలాంటి పాత ఇళ్లను పెద్ద సంఖ్యలో అమ్మేశారు. గురువులు చిన్న కొత్త ఇళ్లకు మారారు. ‘పాత రెక్టరీ’ అనే పేరుతో అవి అక్కడ సంపన్నుల నివాసాలయ్యాయి.

తెలుగు పాఠకుడికి వీటిలో దగ్గరిది లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ రెక్టరీ. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ తండ్రి అక్కడ రెక్టరు. 1709లో ఆ ఇల్లు కాలిపోయింది. అయిదేళ్ల జాన్‌ను మంటల్లోంచి కిటికీ గుండా బయటికి తీశారు. తిరిగి కట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆ వెస్లీ అనుచరులే తర్వాతి కాలంలో నిజాం రాజ్యానికి వచ్చి మెదక్‌లో ఇల్లు కట్టారు.

ఇంగ్లండు రెక్టరీకీ తెలుగునాటి బంగళాకూ ముఖ్యమైన తేడా ఆదాయంలో ఉంది. ఇక్కడ దశమభాగం లేదు, చర్చి మాన్యం లేదు. లండన్, న్యూయార్క్, బోస్టన్, ఫిలడెల్ఫియా నగరాల్లో పోగైన చందాలతో ఈ ఇళ్లు నిలిచాయి. ఆ కారణంగా ఊరి రైతుకు బంగళాతో పన్ను సంబంధం ఏర్పడలేదు. ఊరికి బయట, ఖాళీ నేలలో, పేటలకు దగ్గరగా ఆవరణలు పుట్టడానికి కూడా ఇది ఒక కారణం.

తెలుగు నేలపై చరిత్ర

*తొలి స్థావరాలు.* లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. వాళ్ల ఇంట్లో జరిగిన మొదటి పెద్ద పని భాష నేర్చుకోవడం, ఆ వెంటనే సువార్తల అనువాదం. ఆనందరాయర్ అనే పండితుడు అందులో తోడ్పడ్డాడు. 1809లో క్రాన్, 1810లో డిగ్రాంజ్ మరణించారు. వాళ్ల తర్వాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ తెలుగు కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. ఇదే సొసైటీకి చెందిన విలియం హోవెల్ 1822లో కడప చేరాడు. సి.పి. బ్రౌన్ కూడా ఆ పట్టణంలో బంగళా కొని పండితులను పెట్టి తెలుగు గ్రంథాలను పరిష్కరింపజేశాడు. ఆయన పాదిరి కాదు, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి (చూ. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం, కడప). అయినా ఆ కాలపు బంగళాలో పండితుడు, లేఖకుడు, తాళపత్రం ఎలా కలిసేవో చెప్పడానికి ఆ ఇల్లే మంచి ఉదాహరణ.

1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ గోదావరి డెల్టాకు వచ్చి నరసాపురం కేంద్రంగా పనిచేశారు. జీతమిచ్చే సంస్థ వెనక లేకుండా నడిచిన మిషన్ అది. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. 1842లో లూథరన్ పాదిరి ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చాడు. ఆయన్ను ఆహ్వానించింది అప్పటి కలెక్టర్ హెన్రీ స్టోక్స్. 1849లో హేయర్ పల్నాటిలోని గురజాలకు మారాడు.

మచిలీపట్నంలో నోబుల్ ఇల్లు ఈ తొలి ఇళ్లలో ప్రత్యేకమైనది. ఆయన పెళ్లి చేసుకోలేదు. 1841లో దిగిన తర్వాత స్వదేశానికి తిరిగి వెళ్లకుండా 1865లో అక్కడే మరణించాడు. 1843లో ఆయన తెరిచిన బడి తర్వాత నోబుల్ కళాశాల అయింది. 1852లో అగ్రకులాలకు చెందిన ఇద్దరు విద్యార్థులు, ఐనాల భూషణం, మంచాల రత్నం, ఆయన ఇంటికి వచ్చి బాప్తిస్మం కోరారు. పట్టణంలో కలకలం రేగి బడి దాదాపు ఖాళీ అయింది. గురువు ఇల్లు కుటుంబాల మధ్య, మతాల మధ్య తగాదాకు కేంద్రం కావడం తర్వాతి కాలంలోనూ చాలా చోట్ల కనిపిస్తుంది.

*ఒంగోలు.* బంగళా స్థలం ఎలా పుట్టిందో వివరంగా నమోదైన చోటు ఇది. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు బాప్టిస్టు మిషన్ పాదిరి లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నెల్లూరుకు చెందిన జూలియా మరి ఇద్దరు తెలుగు క్రైస్తవులతో ఒంగోలు పక్క కొండ ఎక్కి ప్రార్థన చేశారు. కింద నాగజెముడుతో నిండిన ఎత్తు నేలను చూపించి మిషన్ బంగళాకు అది బాగుంటుందని జ్యూయెట్ జూలియాతో అన్నాడు. కొన్నేళ్లకు ఆ స్థలమే మిషన్ చేతికి వచ్చింది. కొండకు ప్రార్థన కొండ అనే పేరు స్థిరపడింది. 1866లో అదే మిషన్ తరఫున జాన్ ఎవరెట్ క్లౌ వచ్చి అక్కడి బంగళాలో కాపురం పెట్టాడు. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య చొరవతో మాదిగ పల్లెల మీదుగా క్రైస్తవంలో చేరే ఉద్యమం పాకింది. ఈ విస్తరణలో పేరయ్య పాత్ర క్లౌ పాత్ర కంటే తక్కువది కాదు. తోలు పని చేస్తూ ఊరూరా తిరిగే ఆయన బంధుత్వాల వల, బంగళా నుంచి ఏ దొరా అల్లలేనిది.

1876–78 కరవులో ఈ ఇంటి స్వరూపమే మారిపోయింది. క్లౌ అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు. బకింగ్‌హాం కాలువలో 3.5 మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇచ్చాడు. బంగళా ఆవరణ నుంచి లెక్కలు, ధాన్యం, వైద్యం నడిచాయి. కరవు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. అది ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

*ఏజెన్సీ.* గోదావరి నౌకాయాన పనుల మీద వచ్చిన ఇంజనీరు ఎఫ్.టి. హేగ్ చొరవతో 1860 తర్వాత దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషన్ మొదలైంది. తర్వాత అక్కడున్న జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల ప్రజల గురించి ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో రాశాడు. కోయల జీవితంపై 19వ శతాబ్దిలో అచ్చయిన ముఖ్యమైన ఆధారాలలో అవి ఉన్నాయి.

*మెదక్.* వెస్లియన్ మెథడిస్టులు 1880 ప్రాంతంలో సికింద్రాబాద్‌లో పని మొదలుపెట్టారు. 1895లో వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ త్వరలోనే మెదక్ చేరాడు. ఆరాధనకు అప్పుడు అక్కడున్నది చిన్న పూరిపాక. ఆయన ముందు రెండంతస్తుల మిషన్ ఇల్లు కట్టి, తర్వాత కొన్నేళ్లకు చర్చి తలపెట్టాడు. 1914లో మొదలైన మెదక్ కెథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఇప్పుడు దాని 175 అడుగుల గోపురం చూడడానికి దేశం నలుమూలల నుంచి వస్తారు. ముందు కట్టిన ఇంటి వైపు చూసేవారు అరుదు. కరవు రోజుల్లో కూలికి బదులు గింజలిచ్చే పనిగా ఆ నిర్మాణం నడిచిందన్నది ఆ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకొనే మాట. ఆ పనిని నడిపిన నిర్ణయాలు, లెక్కలు, ఉత్తరాలు ఆ మిషన్ ఇంటివే.

*దోర్నకల్.* వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న దోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. అప్పటిదాకా బంగళా అంటే తెల్లదొర ఇల్లు. అజరయ్య వచ్చాక అందులో ఉండే పెద్ద భారతీయుడు. హిందూ, ముస్లిం వాస్తు రీతులను కలిపి ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. ఆయన 1945 జనవరి 1న అక్కడే మరణించారు (చూ. దోర్నకల్ అధ్యక్ష మండలం).

నిర్మాణం

మిషన్ బంగళా నమూనా ఇంగ్లండు రెక్టరీ నుంచి రాలేదు. కంపెనీ ఉద్యోగుల బంగళాలు, ట్రావెలర్స్ బంగళాలు ఇక్కడ అప్పటికే ఉన్నాయి. ఎండకూ వానకూ తట్టుకునే ఆ నమూనానే మిషన్లు తీసుకున్నాయి. ఎత్తయిన అరుగు, నాలుగు వైపులా లేదా మూడు వైపులా వరండా, నడుమ హాలు, ఇరువైపులా గదులు, ఒక మూల కార్యాలయం. వంటిల్లు పొగ, మంట భయంతో వేరుగా ఉండేది. వెనకవైపు నౌకర్ల ఇళ్లు, గుర్రపుశాల, బండ్ల పాక, బావి. చుట్టూ చింత, వేప, మామిడి.

తొలి ఇళ్లకు తాటాకు కప్పు, తాటి దూలాలు. మంటలూ చెదలూ వాటిని నిలవనివ్వలేదు. తర్వాత పట్టణాలకు దగ్గరివాటికి మద్రాసు మిద్దె వచ్చింది. టేకు దూలాలపై దగ్గర దగ్గరగా చిన్న వాసాలు పరిచి, వాటి మీద పలుచని ఇటుకలను నిలువుగా, మూలవాటంగా సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల కాంక్రీటు దిమ్మిస కొట్టి చదును చేసేవారు. సున్నాన్ని గానుగలో ఎద్దుతో తిప్పి రోజుల తరబడి నానబెట్టేవారు. పూతలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవారు. నేలకు రాయలసీమలో కడప బండలు, తెలంగాణలో షాబాదు బండలు. గోడలు రెండడుగుల మందం తక్కువ కాకుండా కట్టడం వల్ల మే నెలలోనూ లోపల చల్లదనం నిలిచేది. పై కప్పుకు దగ్గరగా చిన్న కిటికీలు పెట్టి వేడి గాలి పోయేలా చూసేవారు. గదిలో దూలానికి వేలాడే పంకాను వరండాలో కూర్చున్న మనిషి తాడుతో లాగేవాడు.

1865లో బాసెల్ మిషన్ మంగళూరులో పెంకుల కర్మాగారం తెరిచింది. కొద్ది దశాబ్దాల్లో ఆ పెంకులు రేవులకూ రైలు స్టేషన్లకూ చేరాయి. మిద్దె కంటే చవక, తాటాకు కంటే భద్రం కావడంతో 1880 తర్వాతి బంగళాల రూపాన్ని అవే నిర్ణయించాయి.

కట్టించినవాళ్ల పేర్లు మిషన్ నివేదికల్లో ఉంటాయి. కట్టినవాళ్ల పేర్లు చాలా అరుదు. రాయి కొట్టింది వడ్డెరలు. సున్నం గానుగ, ఇటుక బట్టీ, మట్టి మోత పనుల్లో కొత్తగా సంఘంలో చేరిన మాల, మాదిగ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఈ ఇళ్ల వారసత్వం గురించి మాట్లాడేటప్పుడు ఇది మొదట చెప్పవలసిన విషయం.

ఆవరణలో పని

పాదిరి ఏడాదంతా బంగళాలో ఉండేవాడు కాదు. వానలు తగ్గాక నవంబరు నుంచి మార్చి వరకు గుడారం, ఎద్దుబండితో పల్లెలు తిరిగేవాడు. దీన్ని క్యాంపు అనేవారు. వేసవిలో, వానల్లో బంగళాలో ఉపదేశుల తరగతులు, జీతాల పంపిణీ, తగాదాల విచారణ, ఉత్తరాలు జరిగేవి. నెలకోసారి ఉపదేశులంతా జీతానికీ పాఠానికీ ఆవరణకు చేరే రోజు సంఘ జీవితంలో పెద్ద రోజు.

వైద్యం కూడా చాలా చోట్ల వరండాలోనే మొదలైంది. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ డిస్పెన్సరీతో ప్రారంభించి 1898లో ఆసుపత్రి తెరిచారు. నిజామాబాద్‌లో మిషనరీ భార్యగా ఉన్న డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు రోగులకు చేసిన చికిత్స 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రిగా పెరిగింది. దానికి రాజా నర్సాగౌడ్ పెద్ద విరాళం ఇచ్చారు. మెదక్‌లో పాస్నెట్ సోదరి ఎమిలీ పాస్నెట్, సారా హారిస్ స్త్రీల వైద్యం చూశారు. జమ్మలమడుగు కాంబెల్ ఆసుపత్రి లండన్ మిషన్ ఆవరణ నుంచి పుట్టింది. పెళ్లికాని మిషనరీ స్త్రీలు ఉండే ఇంటిని దొరసానుల బంగళా అనేవారు. బాలికల బడులు, నర్సుల శిక్షణ ఎక్కువగా ఆ ఇళ్ల నుంచే సాగాయి. చరిత్ర పుస్తకాల్లో ఈ రెండో బంగళాకు దక్కిన చోటు దాని పనికి తగినంత లేదు.

సామాజికంగా వరండాకు రెండు అర్థాలున్నాయి. ఊరి అరుగు ఎక్కనివ్వని కులాలవాళ్లు ఇక్కడ మెట్లెక్కి కూర్చుని మాట్లాడారు, చదివారు, వైద్యం పొందారు. అదే సమయంలో వరండా దాటి లోపలి హాలుకు పిలుపు అందరికీ అందేది కాదు. దొర, నౌకరు, ఉపదేశి మధ్య తరతమాలు ఆ ఇంటి ప్లానులోనే ఉన్నాయి. ఈ రెండు సంగతులూ నిజమే, ఒకదానితో మరొకదాన్ని కొట్టివేయడం సరికాదు.

ఉపదేశి ఇల్లు

ఇంగ్లండు రెక్టరుతో పనిలో నిజంగా పోల్చదగినవాడు పల్లె ఉపదేశి. ఒక బంగళా పరిధిలో పదుల కొద్దీ పల్లెలుండేవి. ఆదివారం ఆరాధన, బిడ్డల చదువు, పెళ్లి, చావు చూసినవాడు ఆయనే. మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో మట్టి గోడల, తాటాకు లేదా బోద కప్పు ఇల్లు ఆయనది. పక్కనే ఉన్న పాక పగలు బడి, ఆదివారం గుడి. ఉపదేశి భార్య స్త్రీలకు అక్షరాలు, పాటలు నేర్పేది. దోర్నకల్‌లో అజరయ్య మండలాన్ని నడిపిన తీరు ఈ పల్లె గురువుల మీదే ఆధారపడింది.

ఆ ఇళ్లలో దాదాపు ఏదీ మిగల్లేదు. వాటి చోట కాంక్రీటు చర్చీలు, పార్సనేజీలు వచ్చాయి. సున్నం, టేకుతో కట్టిన బంగళా నిలిచింది కనుక వారసత్వమంటే అదే అన్న భావన ఏర్పడింది. పల్లెల్లోని పాత సంఘ రిజిస్టర్లు, బాప్తిస్మ పుస్తకాలు, పెద్దవాళ్ల జ్ఞాపకాలు ఇప్పుడు ఆ రెండో వారసత్వానికి మిగిలిన ఆధారాలు. వాటిని సేకరించే పని బంగళా పైకప్పు బాగుచేయడం కంటే ఎక్కువ తొందరగా జరగాలి.

యాజమాన్యం

విదేశీ సంస్థలు వెనక్కు తగ్గుతూ ఆస్తులను భారతీయ సంఘాలకు అప్పగించాయి. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి 1927లో ఏర్పడింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్, వెస్లియన్, లండన్ మిషన్ ఆవరణలు చాలావరకు దాని కిందికి వచ్చాయి. వాటి యాజమాన్యం సంఘపు ట్రస్టు అసోసియేషన్ పేరిట ఉంటుంది. బాప్టిస్టు సంఘాల సమావేశం 1962లో రూపొందింది. పట్టణాలు పెరిగి, ఒకప్పుడు ఊరి బయట ఉన్న ఆవరణలు ప్రధాన రహదారుల పక్కకు వచ్చాయి. భూమి విలువ పెరగడం వల్ల దుకాణ సముదాయాలు, లీజులు, అమ్మకాలు, వాటిపై కోర్టు వ్యాజ్యాలు అనేక చోట్ల నడుస్తున్నాయి.

చట్టం, పరిరక్షణ

కేంద్ర ప్రభుత్వ 1958 పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షణకు కనీసం నూరేళ్ల వయసు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1960 చట్టం, తెలంగాణలో 2017 వారసత్వ చట్టం రాష్ట్ర స్థాయి రక్షణ ఇస్తాయి. ఈ జాబితాల్లో కోటలు, గుళ్లు, సమాధులు, ప్యాలెస్‌లదే ప్రధాన స్థానం. సాధారణ నివాస బంగళా వాటిలోకి చేరడం కష్టం. ఆరాధన స్థలంగా చర్చికి ఉండే గౌరవం కూడా గురువు ఇంటికి అందదు. హైదరాబాద్‌లో ప్రైవేటు భవనాల పరిరక్షణకు ఇన్‌టాక్ వారసత్వ సంస్థ ఇచ్చే పురస్కారాల వంటి ప్రోత్సాహం జిల్లా కేంద్రాలకు చేరాల్సి ఉంది.

మరమ్మతుల్లో పదే పదే జరిగే నష్టం సిమెంటు వల్ల. సున్నం గోడ తేమను పీల్చి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని ఇటుక పొడిగా రాలుతుంది, టేకు దూలపు కొన కుళ్లుతుంది. మద్రాసు మిద్దె కారుతున్నప్పుడు పైన కాంక్రీటు పొర వేయడం ఇంకా ప్రమాదం, పాత దూలాలపై బరువు పెరుగుతుంది. కారిన చోట పాత పొరను తీసి, సున్నంతోనే కొత్త పొర వేసి, పెంకులు మార్చి, వాననీటి దారులు శుభ్రం చేయడం సరైన పద్ధతి. ఈ పని తెలిసిన మేస్త్రీలు రెండు రాష్ట్రాల్లోనూ ఇంకా ఉన్నారు. గుడులు, గడీల మరమ్మతులు చేసేది వాళ్లే.

ఈ ఇళ్ల చరిత్రకు కాగితాలు ఎక్కువగా విదేశాల్లో ఉన్నాయి. చర్చి మిషనరీ సొసైటీ పత్రాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోనూ, లండన్ మిషన్, మెథడిస్టు మిషన్ పత్రాలు లండన్‌లోని సోయస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనూ, అమెరికన్ బాప్టిస్టు పత్రాలు అట్లాంటాలోనూ ఉన్నాయి. ఖమ్మం లేదా మెదక్ బంగళా ప్లాను, ఖర్చు లెక్క, పాత ఛాయాచిత్రం దొరకాలంటే అక్కడ వెదకాలి. వాటిని ఇక్కడి రిజిస్టర్లతో, రెవెన్యూ రికార్డులతో సరిపోల్చి ఒక్కొక్క ఆవరణకు చరిత్ర పట్టిక తయారు చేయడం విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలకు అందుబాటులో ఉన్న పనే. కూల్చివేత తప్పని చోట కొలతలు తీసి, ఫోటోలు తీసి, దూలాలు, తలుపులు, శిలాఫలకాలు భద్రపరచడమైనా ముందుగా జరగాలి.